గ్యాస్ తీస్తేనే గ్యాస్ బండి

మా ఆయన రిటైరైన నెలలోనే ఒక తెల్లగడ్డం దొర మా ఇంట్లో దిగబడ్డాడు. ఫోన్‌లోనే అనుకోండి, అయినా మనిషి దిగబడినట్టే. పొద్దున కాఫీ దగ్గర ఆయనే, మధ్యాహ్నం అన్నం దగ్గర ఆయనే. అమెరికాలో ఎక్కడో బస్సంత బండిలో పెళ్ళాన్నీ కుక్కనీ వేసుకుని ఊళ్ళు తిరుగుతుంటాడట. మంచం, పొయ్యి, బాత్రూము అన్నీ ఆ బండిలోనే. మా ఆయన చెవుల్లో ఇయర్‌ఫోన్లు కుక్కుకుని, దొర చెప్పే ప్రతి మాటకీ తల ఊపుతూ కూర్చునేవాడు. ఇంత కాపురంలో నా మాటకి అన్నిసార్లు తల ఊపి ఉంటే మా ఇల్లు ఎప్పుడో బాగుపడేది.

నేను నంద్యాలలో ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనదాన్ని. మా ఆయన సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఆయనకీ ఇంగ్లీషు రాకేం, ఫైళ్ళ మీద రాసే ఇంగ్లీషు బాగానే వచ్చు. దొర మాట్లాడే ఇంగ్లీషులో సగం అర్థమయ్యేది, మిగతా సగం సొంత తెలివితో పూడ్చుకునేవాడు. పక్కనే పెళ్ళాం ఉంది కదా, తెలియని మాట అడగొచ్చు కదా? అడగడు. అడిగితే మీసం ఎక్కడ రాలిపోతుందో! నేను కూడా చెప్పబోలేదు. బళ్ళో అంతకాలం గొంతు చించుకున్నాక ఇంట్లో ఎవరికీ పాఠం చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఇంతకీ ఈ మోటారు ఇంటి పిచ్చి ఆయనకి ఊరికే పట్టలేదు. మా అక్క కోసం పట్టింది. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

మా అక్కావాళ్ళది ఆళ్ళగడ్డ. గర్భసంచి ఆపరేషన్ అయినప్పటి నుంచి అక్కకి ఒంటికి వస్తే ఆగదు. వచ్చిందనిపించిందా, అప్పటికప్పుడు లేవాలి. డాక్టర్లకి చూపించాం, మాత్రలు మింగింది, కొంత తగ్గింది, కొంత తగ్గలేదు. చర్చిలో తలుపు పక్కన చివరి బెంచీ ఆమెదే. ఆ బెంచీలో ఇంకెవరూ కూర్చోరు. అయ్యగారు ప్రసంగం పొడిగిస్తే అక్క రెండుసార్లు బయటికి పోయి వస్తుంది. పెళ్ళిళ్ళకి పోవడం మానేసింది. ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకి బస్సులో గంట ప్రయాణం. ఆ గంట కోసం నిద్ర లేచినప్పటి నుంచీ చుక్క నీళ్ళు ముట్టుకోదు. మా ఇంటికి వచ్చిందంటే పలకరింపు ఉండదు. చెప్పులు గుమ్మంలో విసిరేసి నేరుగా బాత్రూములోకి పోతుంది. బయటికొచ్చాకే, "ఎట్లుండావ్ పాపా?" అంటుంది. అప్పుడు చెంబు ఎత్తి గటగటా తాగుతుంది. ఎండిపోయిన ఆ పెదాలు చూసి నేను చెంబు మళ్ళీ నింపేదాన్ని.

అక్కకి ఒక్కతే కూతురు. విశాఖపట్నంలో ఆస్పత్రిలో నర్సు. అక్కడే ఇల్లు కట్టుకుంది. కొత్త ఇంట్లో ప్రార్థన పెట్టుకున్న రోజు మేమంతా పోయాం, అక్క ఒక్కతే పోలేదు. ఆళ్ళగడ్డలో ఫోన్ ముందు కూర్చుని, కూతురు ఒక్కో గది చూపిస్తుంటే, "ఆ కిటికీకి పరదా కట్టు, ఎండొస్తాంది" అని చెప్పింది. రైలు ఉంది కదా, రైల్లో బాత్రూము ఉంది కదా అంటారు మీరు. మేమూ అదే అన్నాం. ఒకసారి ఎక్కించాం కూడా. అక్క బోగీ చివరిదాకా నడిచి పోయేసరికి లోపల ఎవరో మహానుభావుడు గడియ పెట్టుకుని తీరిగ్గా పళ్ళు తోముకుంటున్నాడు. నేను తలుపు బాదాను. తిట్టాను కూడా. అతను బయటికి వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయింది. గిద్దలూరులో దిగి, కొంగు నడుముకి చుట్టుకుని, టాక్సీలో వెనక్కి వచ్చేసింది.  ఆ తర్వాత విశాఖపట్నం పేరు ఎవరూ ఎత్తలేదు.

అందుకే మా ఆయన, "వదిన సీటు పక్కనే బాత్రూము ఉండే బండి చేయిస్తే?" అన్నప్పుడు నాకు నిజంగా ఆయన మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఎంతోసేపు నిలవలేదు లెండి. ఆ మరుసటి ఆదివారమే గ్యాసా, డీజిలా అన్న యుద్ధం మొదలైంది.

యుద్ధంలో అవతలి పక్షం మా బావ, అంటే అక్క మొగుడు. ఆళ్ళగడ్డలో దేవుళ్ళ విగ్రహాలు చెక్కేవాళ్ళకి ట్రాక్టరు మీద బండరాళ్ళు తోలి బతికిన మనిషి. డీజిల్ వాసన తగలకపోతే ఆయనకి ఆకలి కాదని అక్క అనేది. ఆదివారం ఆరాధన అయిన వెంటనే అక్కని బస్సెక్కించుకుని వచ్చి, మా మిద్దె మీద కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

"అన్నా, గ్యాస్ బండి చప్పుడు చెయ్యదు. కొనేటప్పుడు చవక. రిపేరొచ్చినా యాడైనా చేస్తారు. ఏడాదికి నాలుగు తూర్లు తిరిగేవాళ్ళకి గ్యాసే మేలని దొర చెప్తాండాడు," అని మా ఆయన.

"నీ దొర నల్లమల ఘాట్ ఎక్కినాడా? బరువు లాగాలంటే డీజిలే. మంచం, పొయ్యి, నీళ్ళ డ్రమ్ము, పైన మనం నలుగురం. లాగొద్దూ? డీజిల్ ఇంజనైతే మనం పోయినా అది ఉంటాది," అని బావ.

"గ్యాస్ యాడబడితే ఆడ దొరుకుతాదంట."

"యాడబడితే ఆడనా? నంద్యాల దాటినాక అడవిలో ఎవడు పోస్తాడప్పా నీకు గ్యాసు? కోతులు పోస్తాయా?"

ఈ ప్రశ్నకి మా ఆయన కొంచెం తడబడేవాడు. కానీ దొర మీద నమ్మకం చెక్కు చెదరలేదు. "అంత తిరిగినోడికి తెలీదా అన్నా?" అనేవాడు.

బావ అంతటితో ఊరుకునే రకం కాదు. "బాగుందిలే. పొయ్యికీ బండికీ ఒకటే గ్యాసు. అన్నం ఉడకాలంటే బండి ఆపు, బండి కదలాలంటే అన్నం ఆపు. మరదలా, నువ్వు రెగ్యులేటర్ కాడ కూచో" అని నా వైపు తిరిగేవాడు. నేను పెసర వడలు వేయిస్తూ, "నా నోరే చాలు బావా, వేరే గ్యాసెందుకు" అనేదాన్ని.

ఇలా ఎన్ని ఆదివారాలు గడిచాయో. చివరికి నాకు విసుగు పుట్టి, ఒకరోజు సుద్దముక్క తెచ్చి మిద్దె నేల మీద బండిని గీసేశాను. మేము కొనాలనుకునే సైజు వ్యాన్ ఎంత పొడుగు, ఎంత వెడల్పు ఉంటుందో కొలిచి మరీ గీశాను. ముందు డ్రైవరు, పక్కన ఒకరు. మధ్యలో మంచం, గోడకి ఆనుకుని పొయ్యి గట్టు. వెనకాల ఎడమ మూలన చిన్న చతురస్రం, అది బాత్రూము. ఆ చతురస్రంలో ముక్కాలిపీట వేసి, "అక్కా, కూచుని చూడు, మోకాళ్ళు తగుల్తాండాయా?" అన్నాను.

అక్క చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, గీత తొక్కకుండా దాటి, పీట మీద కూర్చుంది. అటూ ఇటూ చేతులు చాపి చూసుకుంది. బావ సుద్దగీత బయట నిలబడి, లేని తలుపు మీద టకటకా కొట్టి, "లోపల ఎవరు? బిరీన రాండి, లైను ఉండాది" అన్నాడు. అక్క లోపలి నుంచే, "పళ్ళు తోముకుంటాండా, ఆగు" అంది. నవ్వలేక చచ్చాం. రైలు సంగతి అక్క నోట సరదాగా రావడం అదే మొదటిసారి.

నవ్వు ఆగిందో లేదో, ఆ సుద్ద బండి పక్కనే నిలబడి మగవాళ్ళు మళ్ళీ ఎత్తుకున్నారు. ట్యాంకులో గ్యాస్ పోద్దామా, డీజిల్ పోద్దామా అని. అక్క పీట మీద నుంచి లేవకుండానే గదిమింది.

"దాంట్లో మీరేం పోస్తారో నాకెందుకప్పా! నేను పోసేదానికి జాగా ఉందా లేదా, అది చెప్పండి."

మగవాళ్ళిద్దరూ గమ్మున మెట్లు దిగి కిందికి పోయారు. నేను మిద్దె పిట్టగోడ పట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను.

కొన్నాళ్ళకి మా ఆయన ఎవరికీ చెప్పకుండా కర్నూలు పోయి, పిల్లల్ని బడికి తోలే పాత వ్యాన్ ఒకటి బేరం చేసి తెచ్చేశాడు. అది గ్యాస్ బండే. అంటే గ్యాస్ కిట్టు పెట్టించిన బండి. పచ్చ రంగు పోయి అక్కడక్కడా తెల్లగా కనబడుతోంది. ఆయన ముఖం మాత్రం వెలిగిపోతోంది. వీధి మొదట్లో హారన్ మొదలుపెట్టి మా గుమ్మం దాకా ఆపలేదు. ఎదురింటావిడ బయటికొచ్చి ఏందని అడిగితే, "గ్యాస్ బండి కొన్నామమ్మా" అని గర్వంగా చెప్పాడు. ఆమె లోపలికి పరుగెత్తి ఖాళీ గ్యాస్ బండ దొర్లించుకుంటూ వచ్చింది. ఆమె వెనకే ఇంకొకావిడ. "బుక్ చేసి వారమైంది, ఇంగా రాలేదు. నువ్వే తెచ్చిస్తాండావా అన్నా?" అని బండి వెనక తలుపు దగ్గర నిలబడ్డారు. బండ కాదమ్మా, బండి అని నచ్చజెప్పి పంపేసరికి ఆయన గర్వం సగం దిగిపోయింది. నేను గుమ్మంలో నిలబడి ఒక్క మాటా సాయం చెయ్యలేదు. చూడ్డానికి బాగుంది మరి.

ఆ వారమే బండిని ఊరి చివర లారీ బాడీలు కట్టే షెడ్డుకి తోలుకుపోయాం. షెడ్డు నడిపేది ఒక భాయి. పెద్దమనిషి, మాట తక్కువ. మేము నలుగురం పోయాం. అక్క కూడా పొద్దుటి నుంచి నీళ్ళు మానేసి ఆళ్ళగడ్డ నుంచి వచ్చింది. "నా గది నేనే చూసుకోవల్ల" అని పట్టుబట్టింది. నేను పర్సులో సుద్దముక్క పెట్టుకుని పోయాను.

భాయి లోపలి సీట్లన్నీ ఊడదీశాడు. ముందువి, మధ్యవి, చివరికి వెనక సీటు. ఆ వెనక సీటు లేపగానే దాని కింద రెండు ఇనప సిలిండర్లు పక్కపక్కనే పడుకుని కనబడ్డాయి. నేలకి పట్టీలు వేసి బిగించి ఉన్నాయి. నేను సుద్దముక్క పట్టుకుని ఎక్కాను. గీద్దామంటే చోటు లేదు. మిద్దె మీద అక్క కూర్చున్న చతురస్రం ఎక్కడుండాలో సరిగ్గా అక్కడే ఉన్నాయి ఆ రెండూ.

"వీటిని కింద బిగించరాదా?" అన్నాడు మా ఆయన.

"కింద యాడ సార్? ఘాట్ రోడ్డులో గుంట తగిలితే ప్రమాదం" అన్నాడు భాయి.

"పైన?"

"పైన నీళ్ళ డ్రమ్ము అంటిరి కదా."

బాత్రూమే ముందుకి జరుపుదామా అంటే మంచం పోతుంది. మంచం లేకపోతే అంత దూరం అక్క కూర్చోలేదు. భాయి టేపు పెట్టి అటూ ఇటూ కొలిచి, చేతులు దులుపుకుని, "గ్యాస్ కావాల్నా, బాత్రూమ్ కావాల్నా? రెండిట్లో ఒకటి చెప్పండి సార్" అన్నాడు.

మా ఆయన వెంటనే బాత్రూమ్ అనాలి. అంతే కదా? అనలేదు. నోరు తెరిచి, మూసి, ఆ సిలిండర్ల వంక చూస్తూ నిలబడిపోయాడు. అన్నాళ్ళు విన్న దొర, అన్ని ఆదివారాల వాదన, బావ ముందు పరువు, అన్నీ కలిసి ఆయన నాలుక పట్టుకున్నాయి. ఆ కాస్త ఆలస్యాన్ని అక్క చూసింది.

"గ్యాసే ఉండనీ అప్పా," అంది అక్క. "శానా ఆశపడి తెచ్చుకున్నావ్. నాకేం కొత్తా? మీరు పోయి రాండి. మా పిల్ల కిటికీకి పరదా కట్టిందో లేదో చూసి ఫోన్ చేస్తే చాలు."

మిద్దె మీద గదిమిన మనిషి ఈమేనా అనిపించింది. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. భాయి షెడ్డు వెనక బాత్రూము ఎక్కడుందో అడిగి, కొంగు సర్దుకుంటూ అటు నడిచింది. బావ కూడా ఎగతాళి చెయ్యలేదు. 

ఇంటికొచ్చాక నాకు ఒళ్ళు మండిపోతోంది. గిన్నెలు కడగడం లేదు, బాదుతున్నాను. ఆయన మాత్రం వసారాలో కూర్చుని మళ్ళీ చెవుల్లో అవే కుక్కుకుని దొరని పెట్టుకున్నాడు. సిలిండర్లు ఎక్కడ పెట్టాలో దొర ఎక్కడైనా చెబుతాడేమోనని వెతుకుతున్నాడట. నేను తడి చేతులతోనే పోయి ఇయర్‌ఫోన్ల వైరు పట్టుకుని పీకాను. దొర గొంతు ఒక్కసారిగా ఇల్లంతా వినబడింది.

దొర బంకు దగ్గర బండి ఆపాడు. మామూలు బంకు, మన బంకులాగే. గొట్టం తీసి బండి పక్కన మూత తిప్పి అందులో పెట్టాడు. గ్యాస్ పోస్తున్నానన్నాడు. ఇన్ని గ్యాలన్ల గ్యాస్ పట్టిందన్నాడు. గొట్టం తీసేటప్పుడు చివర నుంచి రెండు చుక్కలు నేల మీద పడ్డాయి.

నేను ఆ చుక్కల వంక చూశాను. మా ఆయన వంక చూశాను.

"ఇదో, గ్యాస్ ఎక్కడైనా కారుతుందా?"

"ఏందే?"

"చుక్కలు కారింది చూడు. అది పెట్రోలు. వాళ్ళ దేశంలో పెట్రోల్ని గ్యాసంటారు. గ్యాసొలీన్ అనే మాటని కురచ చేసి గ్యాస్ అంటారు. నీ దొర ఇన్నాళ్ళూ పెట్రోల్ బండి గురించి చెప్తున్నాడయ్యా!"

ఆయన ముఖం చూడాలి. ముందు నమ్మలేదు. వీడియో వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. చుక్కలు మళ్ళీ కారాయి. "మరి గ్యాసంటే గ్యాసే కదా!" అన్నాడు దీనంగా. "పెట్రోల్ అని చెప్పి చావొచ్చు కదా వాడు!" తర్వాత కోపం నా మీదికి మళ్ళింది. ఇంగ్లీషు టీచరు ఇంట్లో ఉండి ఏం లాభమన్నాడు. ఎప్పుడైనా అడిగావా అన్నాను నేను. ఆ పూట ఇద్దరం ఒకరినొకరం కడిగేసుకున్నాం. చివరికి ఎవరికి ముందు నవ్వు వచ్చిందో గుర్తు లేదు కానీ, వసారాలో గోడకి చేరగిలబడి చిన్నపిల్లల్లా నవ్వాం. నవ్వుతూనే ఆయన కళ్ళు తుడుచుకుని, "వదిన మొగం చూసినావా ఈ పొద్దు?" అన్నాడు. చూశానన్నాను. ఇంక ఆయన నవ్వలేదు.

మరునాడు పొద్దున మొదటి బస్సుకే ఆళ్ళగడ్డ పోయాం ఇద్దరం. ఆ వీధిలోకి అడుగుపెట్టగానే ఉలుల చప్పుడు మొదలవుతుంది, ఒకరి మాట ఒకరికి వినబడాలంటే అరవాల్సిందే. మా ఆయన తన తెలివితక్కువతనాన్ని ఆ చప్పుడులో అరిచి చెప్పుకోవాల్సి వచ్చింది. "గ్యాసంటే పెట్రోలంట అన్నా!" అని. వీధిలో సగం మందికి వినబడింది. బావ మంచం మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆగాడు అనుకునేలోపు, "ఇంగ్లీషు టీచరమ్మ మొగుడు!" అని మళ్ళీ మొదలుపెట్టాడు. మా ఆయన అదంతా పడ్డాడు. పడి, అక్క ముందు కూర్చున్నాడు.

"వదినా, నిన్న నేను వెంటనే చెప్పవల్సింది. చెప్పలేకపోయినా. ఆ సిలిండర్లు పీకేస్తాండా. నీ గది నీకే."

అక్క లేచింది. లోపలికి పోయి ఆయనకి కాఫీ తెచ్చింది. అందులో చక్కెర మామూలు కంటే ఎక్కువేసింది, ఆయనకి అలాగే ఇష్టం.

బావకి ఇదే అదనని తోచింది. "పీకేసినాక ఆ డొక్కు ఏం చేస్తావ్? అమ్మేయ్. డీజిల్ బండి నేను చూపిస్తా. దూరాలు పోయేటోళ్ళకి డీజిలే మేలని నీ దొర కూడా చెప్పుంటాడు, నువ్వు ఇనిపించుకోలేదు." నిజానికి దొర ఆ మాట కూడా చెప్పాడు. బరువుకీ, ఎత్తులెక్కడానికీ, ఏళ్ళ తరబడి తిరగడానికీ డీజిలేనని. మా ఆయన ఆ ముక్క దగ్గర వీడియో ముందుకి జరిపేసేవాడు.

అక్క కాఫీ గ్లాసులు తీస్తూ, "డీజిల్ బండి వెతుక్కుంటా ఇంకో ఏడాది మిద్దె మీద కూచుంటారా ఇద్దరూ? ఉన్నదాంట్లో పోదాం పాండి" అంది. "పోదాం" అన్న మాట అక్క నోట విని ఎన్నాళ్ళయింది! బావ కూడా విన్నాడు. డీజిల్ మాట అక్కడితో ఆపేశాడు.

ఉన్నదాంట్లో పోవడమంటే ఎలాగో భాయి చెప్పాడు. ఆ బండి పుట్టుకతో పెట్రోల్ బండేనట. బడి పిల్లల్ని తోలినాయన ఖర్చు తగ్గుతుందని తర్వాత గ్యాస్ కిట్టు పెట్టించుకున్నాడట. సిలిండర్లు తీసేస్తే మళ్ళీ పెట్రోలుతో నడుస్తుంది, కాగితాల్లో మార్పు చేయించుకుంటే సరి. అది విని మా ఆయన ఒక క్షణం ఆలోచించి, ఒక్కసారిగా నిటారుగా నిలబడ్డాడు.

"అంటే గ్యాస్ తీసేస్తే ఇది దొర చెప్పిన గ్యాస్ బండే కదా! నేను కరెక్ట్ బండే తెచ్చినా కదా!"

భాయికి ఏమీ అర్థం కాలేదు. "గ్యాస్ తీసేస్తే గ్యాస్ బండి ఎట్లయితాది సార్?" అన్నాడు. బావ ఆయన భుజం మీద చెయ్యి వేసి, "నువ్వడగొద్దు భాయి. మా ఇంట్లో అట్లే అయితాది" అన్నాడు.

సిలిండర్లు పోయినచోట నేనే సుద్దతో గీశాను. భాయి ఆ గీత మీదే రేకు గోడలు లేపాడు. చిన్న తలుపు, లోపల గడియ, పట్టుకోవడానికి స్టీలు కడ్డీ, కుర్చీ కమోడు, దాని కింద ట్యాంకు. మంచం మీద నుంచి కాలు కింద పెడితే తలుపే. అక్క వచ్చి గడియ వేసి తీసి, వేసి తీసి చూసుకుంది.

విశాఖపట్నానికి బయలుదేరే రోజు అక్కావాళ్ళు ముందు రాత్రే మా ఇంటికి వచ్చి పడుకున్నారు. తెల్లారి బండి ముందు నిలబడి బావ ప్రార్థన చేశాడు. "ప్రభువా, ఈ బండి డీజిల్ది కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా మమ్మల్ని ఘాట్ ఎక్కించు" అన్నాడు. మా ఆయన కళ్ళు మూసుకునే పళ్ళు కొరికాడు. అందరం ఆమెన్ అన్నాం. నేను అక్కకి నీళ్ళ గ్లాసు ఇచ్చాను. "వద్దులే" అంది అలవాటుగా. పెదాలు అప్పటికే ఎండి ఉన్నాయి. గొడవెందుకని నేను బలవంతం చెయ్యలేదు.

బావ నడుపుతున్నాడు, పక్కన మా ఆయన. వెనక మంచం మీద నేనూ అక్కా. అడవిలో ఎత్తు ఎక్కేటప్పుడు బండి రొప్పింది. "చూసినావా, డీజిలైతేనా..." అని బావ అందుకున్నాడు. "చప్పుడు లేదు కదన్నా" అని మా ఆయన. మలుపుల మధ్యలో అక్క కాలు కింద పెట్టింది. నేను ముందుకి అరిచాను. బావ బండి పక్కకి తీసి ఆపాడు. ఇద్దరు మగవాళ్ళూ రోడ్డు వంక చూస్తూ కూర్చున్నారు. లోపల గడియ పడిన చప్పుడు వినబడింది. కాసేపటికి గడియ తీసిన చప్పుడు. అక్క బయటికొచ్చి, చేతులు కడుక్కుని, మంచం మీద కూర్చుని, కిటికీ అద్దం తెరిచింది. "పోనీండి" అంది.

గిద్దలూరులో పెట్రోల్ బంకు దగ్గర ఆగాం. రైలు దిగి, కొంగు చుట్టుకుని, తల వంచుకుని అక్క వెనక్కి తిరిగిన ఊరు అదే. అక్కకి గుర్తు లేకుండా ఉంటుందా?  నేను అక్క వైపు చూడకుండా మంచం మీద దుప్పటి సర్దుతూ కూర్చున్నాను. బావ దిగి బంకు మీటరు వంక చూస్తూ నిలబడ్డాడు. అది తిరుగుతూనే ఉంది. ఆయన చెయ్యి నడుం మీద పెట్టుకుని అరిచాడు.

"ఇదేం తాగుడప్పా! డీజిల్ అని మొత్తుకుంటే ఇన్నావా? నీళ్ళు తాగినట్టు తాగుతాంది!"

అక్క కిటికీలో నుంచి తల బయట పెట్టింది.

"తాగనీలే," అంది. తర్వాత నా వైపు తిరిగి చెయ్యి చాపింది. "పాపా, నాకూ ఒక గ్లాసు ఇయ్యి."